ఇసుకను ఆపి కంకరను వదిలే జల్లెడ

ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసిన పాఠం ఇది. తడబడిన చోట్ల మాత్రమే సరిచేశాం. మిగతాదంతా వక్త మాటల్లోనే ఉంది.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. సరే, ఎవరూ ఎత్తలేదు. వినపడనివాళ్లకి ఈ మాట కూడా వినపడి ఉండదనుకోండి, అది వేరే సంగతి.

ఒక జల్లెడ ఉంది. అందులో ఇసుకా కంకరా కలిపి పోశారు. కిందికి ఏది దిగుతుంది? ఇసుక. పైన ఏది మిగులుతుంది? కంకర. ఇందులో సైన్సు ఏముంది, చిన్నపిల్లలకి కూడా తెలుసు అంటారు మీరు. మరి మీ ఒంట్లో ఇంకో జల్లెడ ఉంది. మీరు నా మాట వింటున్న ఈ క్షణంలో కూడా లక్షల కోట్ల కణాల్లో అది పనిచేస్తోంది. ఆ జల్లెడ కంకరను వదులుతుంది, ఇసుకను ఆపుతుంది.

నేను కవిత్వం చెప్పడం లేదు. విద్యుదావేశం ఉన్న పరమాణువును అయాను అంటారు. పొటాషియం అయాను వ్యాసార్ధం 1.33 ఆంగ్‌స్ట్రామ్‌లు. సోడియం అయానుది 0.95. మిల్లీమీటరులో కోటో వంతును ఆంగ్‌స్ట్రామ్ అంటారు. అంటే సోడియమే చిన్నది. రెండింటికీ ఉన్న ఆవేశం ఒకటే, ప్లస్ ఒకటి. ఇప్పుడు కణత్వచంలో, అంటే కణం చుట్టూ ఉన్న పొరలో, పొటాషియం ఛానల్ అని ఒక దారి ఉంది. ఆ దారిలో పెద్దదైన పొటాషియం సెకనుకి కోట్ల లెక్కన దూసుకుపోతుంది. చిన్నదైన సోడియం మాత్రం పోలేదు. వేలకొద్దీ పొటాషియంలు దాటితే పొరపాటున ఒక్క సోడియం దాటుతుందేమో, అంతే. పెద్దది పట్టే కంతలో చిన్నది ఎందుకు పట్టదు? ఈ పూట నేను వచ్చింది ఈ ఒక్క ప్రశ్న కోసం. మధ్యలో చాలా చెబుతాను, అటూ ఇటూ తిరుగుతాను, కానీ మీరు ఈ ప్రశ్నను మాత్రం వదలకండి.

నేను చదువుకునే రోజుల్లో నోట్సులో ఏం రాయించారో తెలుసా? "అయాన్ ఛానల్ అనగా త్వచంలోని రంధ్రము." రాశాం, బట్టీ పట్టాం, మార్కులు తెచ్చుకున్నాం. రంధ్రం అన్న ఆ మాటే నన్ను చాలా ఏళ్లు తప్పుదారి పట్టించింది. రంధ్రానికి ఎంపిక ఉండదు కదా. గోడకి కన్నం పడితే దొంగా దూరతాడు, పిల్లీ దూరుతుంది. ఇది అలాంటిది కాదు.

అసలు ఛానల్ ఎందుకు కావాలి? అక్కణ్ణుంచి వద్దాం. కణం చుట్టూ ఉన్న పొర కొవ్వు పొర. రెండు వరసల కొవ్వు అణువులు, తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని నిలబడి ఉంటాయి. మొత్తం మందం నాలుగైదు నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. ఇంత పల్చటి పొర ఒక అయానును ఎలా ఆపుతుంది? అయాను నీళ్లలో ఒంటరిగా తిరగదు, అందుకు. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం ఉంటుంది. ధనావేశం ఉన్న పొటాషియం కనపడగానే నీటి అణువులు ఆ ఆక్సిజన్ వైపును దానికి ఆనించి చుట్టూ మూగుతాయి. నేను దీన్ని నీటి చొక్కా అంటాను. ప్రతి అయాను నీటి చొక్కా తొడుక్కునే తిరుగుతుంది. కొవ్వులోకి వెళ్లాలంటే ఆ చొక్కా విప్పాలి. విప్పడానికి బోలెడంత శక్తి కావాలి, విప్పాక కొవ్వులో దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. అందుకే వెళ్లదు. ఈ నీటి చొక్కా గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను. మన ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ఇప్పుడు పొరకి ఇటువైపు ఏముంది, అటువైపు ఏముంది చూద్దాం. మన కణాల లోపల పొటాషియం ఎక్కువ, లీటరుకి 140 మిల్లీమోల్స్ దాకా. బయట నాలుగో అయిదో. సోడియం దీనికి తిరగబడి ఉంటుంది, బయట 145, లోపల పదీ పదిహేను. కాల్షియం సంగతి మరీ విడ్డూరం. బయటితో పోలిస్తే లోపల పదివేల వంతు కూడా ఉండదు. ఈ తేడా దానంతట అది రాలేదు. ఎవరో కూర్చుని తోడుతున్నారు. ఆ తోడేది సోడియం పొటాషియం పంపు. కణానికి ఇంధనం లాంటి ఏటీపీ అణువును ఒక్కొక్కటి ఖర్చుపెట్టి మూడు సోడియంలను బయటికి పంపిస్తుంది, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. దీన్ని 1957లో పీత కాళ్ల నాడుల మీద పనిచేస్తూ బయటపెట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ. నోబెల్ ఎప్పుడొచ్చింది? 1997లో. నలభై ఏళ్లు. ఓపిక ఉండాలండీ.

పంపూ ఛానలూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు. పంపు ఏతం లాంటిది, ఛానల్ తూము లాంటిది. ఏతం తొక్కాలంటే మనిషి చెమటోడ్చాలి, నీళ్లు పల్లం నుంచి మెరకకి ఎక్కాలి. తూముకి ఆ బాధ లేదు. తలుపెత్తితే చాలు, నీరు తనంతట తాను పల్లానికి పోతుంది. ఏతం తొక్కి తొక్కి చెరువు నింపినవాడు ఒకడు, తూము తెరిచినవాడు ఇంకొకడు. వేగం కూడా చూడండి. పంపు సెకనుకి కొన్ని వందల అయాన్లను తోడితే గొప్ప. ఛానల్ తెరుచుకుంటే సెకనుకి కోటి నుంచి పదికోట్ల దాకా పోతాయి. వందలెక్కడ, కోట్లెక్కడ!

మరి ఈ తేడాలోంచి కరెంటు ఎలా పుడుతుంది? విశ్రాంతిగా ఉన్న నాడీకణంలో కొన్ని పొటాషియం ఛానళ్లు తెరిచే ఉంటాయి. లోపల పొటాషియం ఎక్కువ కాబట్టి అది బయటికి జారుతుంది. జారిన ప్రతి అయానూ ఒక ధనావేశాన్ని బయటికి మోసుకుపోతుంది. దాంతో లోపల రుణావేశం మిగులుతుంది. ఆ రుణావేశం ఏం చేస్తుంది? ఎక్కడికి పోతావు, వెనక్కి రా అని పొటాషియంను లాగుతుంది. ఒక దశలో తోసే బలమూ లాగే బలమూ సరిపోతాయి. ఆ దగ్గర్లోనే మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర కణం స్థిరపడుతుంది.

డెబ్బై మిల్లీవోల్టులంటే టార్చిలైటు బ్యాటరీలో ఇరవయ్యో వంతు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అది ఎంత మందం మీద ఉందో చూడండి. నాలుగు నానోమీటర్ల మీద. మీటరుకి లెక్కగడితే కోటిన్నర వోల్టులు దాటుతుంది. గాలిలో మీటరుకి ముప్పై లక్షల వోల్టులు దాటితే నిప్పురవ్వ లేస్తుంది, మెరుపు మెరుస్తుంది. దానికి అయిదారు రెట్ల విద్యుత్ క్షేత్రం మీ ప్రతి నాడీకణం పొరలోనూ ఉంది. అలాంటి చోట ఒక ప్రోటీన్ కూర్చుని ఉంది. ఆ క్షేత్రం కాస్త మారితే ఆ ప్రోటీన్ ఒళ్లు విరుచుకుంటుందంటే ఆశ్చర్యం ఏముంది? దాని సంగతి తర్వాత.

ఇంకో లెక్క. నాడీకణం ఒకసారి సందేశం పంపితే, అంటే వోల్టేజి వంద మిల్లీవోల్టులు అటూ ఇటూ అయితే, ఎన్ని అయాన్లు దాటాలి? కణంలోని పొటాషియం అంతా బయటికి పారిపోతుందని మా క్లాసులో సగం మంది అనుకునేవాళ్లు. నేనూ అందులో ఒకణ్ణి. లెక్కేద్దాం. ఇరవై మైక్రోమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి కణం తీసుకోండి. దాని పొర మీద వోల్టేజి వంద మిల్లీవోల్టులు మారాలంటే సుమారు 75 లక్షల అయాన్లు దాటితే చాలు. లోపల ఉన్న పొటాషియం ఎంత? సుమారు 35,000 కోట్లు. అంటే దాదాపు యాభై వేలల్లో ఒకటి. చెరువులోంచి చెంబుడు నీళ్లు తీసినట్టు. అందుకే పంపు ఆగిపోయినా పెద్ద నాడి ఇంకా చాలాసేపు సందేశాలు పంపగలదు. గాఢతలు మారకుండానే వోల్టేజి మారుతుంది. ఇది పట్టుబడితే సగం ఫిజియాలజీ పట్టుబడినట్టే.

దీని రెండో ముఖం కూడా చెప్పాలి. లోపలి 140లో అయిదు తగ్గినా పెద్ద తేడా రాదు. బయటి నాలుగు కాస్తా ఎనిమిది అయిందనుకోండి, పొటాషియం సమతౌల్యపు వోల్టేజి, అంటే ఇందాకటి తోసే బలమూ లాగే బలమూ సరిపోయే వోల్టేజి, ఏకంగా పద్దెనిమిది మిల్లీవోల్టులు జరుగుతుంది. గుండె కణాలు తట్టుకోలేవు. రక్తపరీక్ష రిపోర్టులో పొటాషియం 3.5కీ 5కీ మధ్య ఉండాలని ఉంటుంది చూడండి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల విషయంలో డాక్టర్లకి ఆ అంకె అంటే అంత టెన్షన్ ఎందుకంటే ఇందుకు.

సరే, ఇదంతా మనిషికి ఎలా తెలిసింది? స్క్విడ్ అని ఒక సముద్రజీవి ఉంది. ప్రమాదం వస్తే నీళ్లు చిమ్మి వెనక్కి దూసుకుపోతుంది. ఆ పనికోసం దాని ఒంట్లో ఒక లావుపాటి నాడీతంతువు ఉంది, అర మిల్లీమీటరు మందం. మన నాడీతంతువులతో పోలిస్తే మొద్దు లాంటిది. 1939లో ఇంగ్లండులో ప్లిమత్ అనే ఊళ్లో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ దాని లోపలికే ఒక సన్నటి గాజు గొట్టం దూర్చి వోల్టేజి కొలిచారు. అప్పటిదాకా అందరూ ఏమనుకునేవాళ్లు? సందేశం పోయేటప్పుడు లోపలి వోల్టేజి మైనస్ నుంచి సున్నాకి వస్తుంది, అంతే అనుకునేవాళ్లు. వీళ్లు చూస్తే అది సున్నా దాటి ప్లస్‌లోకి పోయింది. పొర ఊరికే చిల్లిపడితే సున్నా దగ్గర ఆగాలి కదా! ప్లస్‌లోకి పోయిందంటే ఎవరో ఒకరు ప్రత్యేకంగా లోపలికి వస్తున్నారన్నమాట. కొన్ని వారాల్లో యుద్ధం మొదలైంది. పని ఆగిపోయింది. మళ్లీ యుద్ధం అయ్యాకే.

1952లో వాళ్ల పేపర్లు వచ్చాయి. ముందు సోడియం లోపలికి, తర్వాత పొటాషియం బయటికి, ఇదీ వరస అని తేల్చారు. తేల్చి ఊరుకోలేదు, సమీకరణాలు రాశారు. ఆ సమీకరణాలు సాధించడానికి కేంబ్రిడ్జి కంప్యూటరు కావాలి. అదేమో మార్పులూ చేర్పులూ చేయడానికి నెలల తరబడి ఆపేశారు. హక్స్‌లీ ఏం చేశాడు? చేత్తో తిప్పే లెక్కల మిషను ముందేసుకుని వారాల తరబడి తిప్పాడు. చివరికి సందేశం వేగం సెకనుకి 18.8 మీటర్లు ఉండాలని వచ్చింది. నాడి మీద కొలిస్తే 21.2. ఛానల్ అనేదాన్ని ఎవరూ చూడని రోజుల్లో, అది ప్రోటీనో కాదో కూడా తెలియని రోజుల్లో! నాకు మాత్రం ఆ నాలుగైదు పేపర్ల కన్నా అందమైనవి జీవశాస్త్రంలో కనపడలేదు. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. 1963లో ఇద్దరికీ జాన్ ఎకిల్స్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు.

వాళ్ల సమీకరణంలో ఒక తమాషా ఉంది. పొటాషియం దారి తెరుచుకోవాలంటే నాలుగు చిన్న ముక్కలు, నాలుగూ ఒకేసారి సరైన చోటికి జరగాలి అన్నట్టు రాస్తేనే లెక్క కుదిరింది. వాళ్లు దీన్ని గట్టిగా నొక్కి చెప్పలేదు, లెక్కకి సరిపోయింది కాబట్టి రాశామన్నారు. తర్వాత కొన్ని దశాబ్దాలకి పొటాషియం ఛానల్ ప్రోటీన్ దొరికితే చూశారు. ఎన్ని ఉపభాగాలున్నాయి? నాలుగు.

కానీ వీళ్లు కొలిచినదంతా గుంపు కరెంటు. లక్షల ఛానళ్లు కలిసి చేసిన చప్పుడు. ఒక్క ఛానల్ ఒక్కటే ఏం చేస్తుంది? దాన్ని పట్టుకున్నది జర్మనీలో ఎర్విన్ నేహెర్, బెర్ట్ సాక్‌మన్. 1976. మైక్రోమీటరు మూతి ఉన్న గాజు గొట్టాన్ని కప్ప కండర కణం మీద ఆనించి, దాని కింద చిక్కిన చిన్న పొర ముక్కలోంచి వచ్చే కరెంటును కొలిచారు. కొన్ని పికో ఆంపియర్లు. ఆంపియరులో లక్ష కోట్ల వంతును పికో ఆంపియరంటారు. తర్వాత 1980లో తేలిందేమిటంటే, శుభ్రమైన గొట్టంతో కొద్దిగా పీలిస్తే పొర గాజుకి గట్టిగా అతుక్కుపోయి లీకు దాదాపు ఉండదు, కొలత చాలా స్పష్టంగా వస్తుంది. ఇంత చిన్న కిటుకు ఒక శాస్త్రాన్నే మార్చేసింది. 1991లో వాళ్లకీ నోబెల్.

మరి ఒక్క ఛానల్ ఎలా కనపడింది? పుస్తకంలో గీసిన వంకర గీత మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. ఒక్క ఛానల్ అలా చేయదు. మూసి ఉంది, మూసి ఉంది, టక్కున తెరుచుకుంది, టక్కున మూసుకుంది. సగం తెరవడం అనేది దాదాపు లేదు. ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరూ చెప్పలేరు. వోల్టేజి పెడితే తెరుచుకునే అవకాశం పెరుగుతుంది, అంతే. అదే వోల్టేజి మళ్లీ పెట్టండి, ఇంకో క్షణాన తెరుచుకుంటుంది, ఒక్కోసారి అసలు తెరుచుకోనే తెరుచుకోదు. ఇలాంటి నిలకడలేని వాళ్లని లక్షమందిని కలిపితే హాడ్జ్‌కిన్ గీసిన నున్నటి గీత వస్తుంది. ఇది నాకు ఎన్నిసార్లు చూసినా వింతే. మీ గుండె లయ తప్పకుండా కొట్టుకుంటోంది కదా, దాని కింద ఉన్నదంతా ఈ బొమ్మా బొరుసే.

నీళ్లు తాగి వస్తానండీ, ఒక్క నిమిషం.

సరే, ఇప్పుడు మన జల్లెడ. రోడరిక్ మెకిన్నన్ అనే ఆయన డాక్టరు చదివాడు. తర్వాత పరిశోధనకి వచ్చాడు, నలభై దగ్గరపడుతున్న వయసులో ఎక్స్‌రే స్ఫటికశాస్త్రం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. స్ఫటికం మీదికి ఎక్స్‌రేలు పంపి లోపలి అణువుల ఆకారం పట్టే విద్య అది. ఛానల్ ఎలా ఉంటుందో కళ్లతో చూడకుండా ఈ ప్రశ్నకి జవాబు రాదని ఆయన పట్టుదల. త్వచంలో ఉండే ప్రోటీన్లను స్ఫటికాలుగా చేయడం అంటే అప్పట్లో చేతులు కాల్చుకునే పని. అయినా నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి కెసీఎస్ఏ అనే పొటాషియం ఛానల్‌ను తీసుకుని, 1998లో దాని నిర్మాణం బయటపెట్టాడు. అయిదేళ్లలో నోబెల్. స్కౌకి నలభై ఏళ్లు పట్టిందన్నాను కదా, ఈయనకి అయిదు.

ఏం కనపడింది? నాలుగు ఉపభాగాలు ఒక దారి చుట్టూ నిలబడ్డాయి. దారి లోపలివైపు వెడల్పుగా, నీళ్లతో నిండి ఉంది. బయటి మూతి దగ్గర మాత్రం ఇరుకు, పొడవు 12 ఆంగ్‌స్ట్రామ్‌లే. ఆ ఇరుకు సందు గోడ దేనితో కట్టి ఉంది? ఆక్సిజన్ పరమాణువులతో. ప్రోటీన్ వెన్నెముకలో ఉండే ఆక్సిజన్లు వరసగా మెట్లమెట్లుగా లోపలికి తిరిగి నిలబడ్డాయి. ఏదైనా గుర్తొచ్చిందా? నీటి చొక్కా! పొటాషియం చుట్టూ నీళ్లు ఎలా మూగుతాయన్నాను? ఆక్సిజన్ వైపు ఆనించి. ఈ సందులో పొటాషియం నిలబడే ప్రతి చోటా దాని చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లు ఉన్నాయి, పైన నాలుగు, కింద నాలుగు. నీళ్లలో ఉన్నప్పుడు ఎంత దూరంలో ఉండేవో ఇంచుమించు అంత దూరంలోనే. అంటే పొటాషియం గుమ్మం దగ్గర నీటి చొక్కా విప్పగానే సరిగ్గా దాని కొలతకే కుట్టిన ఇంకో చొక్కా సిద్ధంగా ఉంది. విప్పినందుకు పడాల్సిన నష్టం లేదు. నొప్పి తెలియకుండా లోపలికి జారుతుంది.

మరి సోడియం వస్తే? అది చిన్నది. దానికి ఈ చొక్కా వదులు. ఆక్సిజన్లు దూరంగా ఉన్నాయి, అన్నిటినీ ఒకేసారి అందుకోలేదు. నీటి చొక్కా విప్పడానికి బోలెడంత శక్తి ఖర్చు, ఇక్కడ దానికి బదులుగా దొరికేది తక్కువ. సోడియంకి నీటి మీద పట్టు పొటాషియం కన్నా ఎక్కువ కూడాను, ఆవేశం చిన్న గోళం మీద ఇరుక్కుని ఉంది కాబట్టి. ఏం చూసుకుని విప్పుతుంది? విప్పదు. చొక్కాతో సహా దూరదామా అంటే సందు ఇరుకు. గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. చూశారా, ఈ జల్లెడ కొలిచేది సైజును కాదు. బేరం చూస్తోంది. దూరితే లాభమా నష్టమా అన్న బేరం. కంకరకి గిట్టుబాటు అయింది, ఇసుకకి కాలేదు.

ఇంత దగ్గరగా పట్టుకుంటే మరి వదలడం ఎలా? గట్టిగా అతుక్కుంటే వేగం పోవాలి కదా. మంచి ప్రశ్న, ముందు వరసలో ఒకరు ఇప్పుడే పక్కవారితో ఇదే అంటున్నారు, నాకు వినపడింది. సందులో పొటాషియం ఒక్కటే ఉండదు. ఒకదాని వెనక ఒకటి కనీసం రెండు ఉంటాయి. రెండిటికీ ధనావేశమే, ఒకదానికొకటి గిట్టదు. వెనకనుంచి మూడోది వచ్చి దూరిందా, ముందున్నది బయటపడుతుంది. సినిమా టికెట్ల క్యూలో వెనకవాడు తోస్తే ముందువాడు కౌంటరు దగ్గర పడ్డట్టు. మధ్యమధ్య నీటి అణువులు కూడా ఈ వరసలో కలిసి నడుస్తాయా, లేక అయాన్లే ఒకదాన్ని ఒకటి ఆనుకుని పోతాయా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆక్సిజన్లు రాతిగోడలా కదలకుండా నిలబడతాయన్నట్టు మాట్లాడాను. ప్రోటీన్ రాయి కాదు, ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. వణికే గోడ కూడా సోడియంను ఎలా ఆపుతోందంటే, ఆ ఆక్సిజన్లకి తమలో తమకి పడదు, మరీ దగ్గరికి రావు, అందువల్ల అని లెక్కలు వేసి చెప్పినవాళ్లున్నారు. నేను చెప్పిన కథ మొదటి మెట్టు అనుకోండి.

ఎంపిక అయింది. ఇక తలుపు. తలుపు వేరు, జల్లెడ వేరు. ఈ కెసీఎస్ఏలో తలుపు లోపలి చివర ఉంది, జల్లెడ బయటి చివర. వోల్టేజికి తెరుచుకునే ఛానళ్లలో ఎస్4 అనే ఒక ముక్క ఉంటుంది. ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్ని అమైనో ఆమ్లాలంటారు. అందులో ప్రతి మూడో స్థానంలో ధనావేశం ఉన్న అమైనో ఆమ్లం, ఎక్కువగా ఆర్జినిన్. ఇందాక కోటిన్నర వోల్టులన్నాను కదా, ఆ క్షేత్రం ఈ ముక్కను లోపలికి లాగిపట్టి ఉంచుతుంది. వోల్టేజి మారగానే పట్టు సడలుతుంది, ముక్క బయటివైపు జరుగుతుంది, దానికి కట్టి ఉన్న తలుపు తెరుచుకుంటుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఆవేశమున్న ముక్కలేవో పొరలో కదలాలని కాగితం మీద ఊహించినవి ఇవే.

సోడియం ఛానల్‌కి ఇంకో తలుపు కూడా ఉంది. తెరుచుకున్న ఒకటీ రెండు మిల్లీసెకన్లలో లోపలినుంచి ఒక బిరడా వచ్చి దారి మూసేస్తుంది. ఇది ఎలా తెలిసింది? 1973లో ఆర్మ్‌స్ట్రాంగ్, బెజనీయా, రోహాస్ కలిసి స్క్విడ్ నాడి లోపలికి ప్రోటీన్లను కోసే ఎంజైమును పంపించారు. ఛానల్ తెరుచుకుంది, కానీ మూసుకోవడం మరిచిపోయింది. లోపలివైపు వేలాడే బిరడాను ఎంజైము కోసేసిందన్నమాట. ఈ బిరడా వల్లనే సందేశం వెళ్లిన దారినే వెనక్కి రాదు. వెనక ఛానళ్లు ఇంకా మూతపడి ఉంటాయి, ముందుకి తప్ప దారి లేదు.

వోల్టేజి ఒక్కటే తాళంచెవి కాదు. కొన్నిటిని ఎసిటైల్‌కోలిన్ లాంటి రసాయనం తెరుస్తుంది. కొన్నిటిని వేడి. మిరపకాయలోని క్యాప్సైసిన్‌నూ, 43 డిగ్రీల వేడినీ ఒకే ఛానల్ గుర్తుపడుతుందని 1997లో డేవిడ్ జూలియస్ బృందం చూపించింది. కారం తింటే నోరు మండిందంటాం, ఉత్త మాట కాదది, నాడికి అది నిజంగా మంటే. పొరను నొక్కితే తెరుచుకునే పీజో ఛానళ్లను 2010లో ఆర్డెమ్ పటాపూటియన్ బృందం కనుక్కుంది. ఇద్దరికీ కలిపి 2021లో నోబెల్. ఇవి ఒక్కొక్కటీ ఒక్కో ఉపన్యాసం, ఇక్కడితో వదిలేస్తున్నాను.

చెడిపోతే ఏమవుతుంది? పఫర్ చేప ఒంట్లో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషం సోడియం ఛానల్ మూతిని బయటినుంచి బిగిస్తుంది. నాడులు మాట్లాడవు, ఊపిరి ఆగుతుంది. మరి ఆ చేప ఎందుకు చావదు? దాని సోడియం ఛానల్ మూతి దగ్గర అమైనో ఆమ్లం మారి ఉంది, విషం కూర్చోదు. పన్ను పీకే ముందు ఇచ్చే మత్తు ఇంజెక్షను కూడా సోడియం ఛానల్‌నే ఆపుతుంది, కాకపోతే లోపలివైపు నుంచి, కొంతసేపే.

గుండెలో హెర్గ్ అని ఒక పొటాషియం ఛానల్ ఉంది. ఆ పేరు ఎలా వచ్చిందంటే, ఈథర్ ఇస్తే కాళ్లు ఆడించే పండ్ల ఈగ ఒకటి దొరికింది, ఆ కాలపు గో-గో డ్యాన్సు పేరు కలిపి దానికి ఈథర్-ఎ-గో-గో అని పెట్టారు, ఆ జన్యువుకి మనిషిలో ఉన్న చుట్టమే ఇది. శాస్త్రవేత్తలకీ సరదాలుంటాయి. కానీ ఛానల్ మాత్రం సరదా కాదు. దీని లోపల కాస్త వెడల్పైన గది ఉంది, ఎక్కడెక్కడి మందులో వచ్చి అందులో ఇరుక్కుంటాయి. ఇరుక్కుంటే గుండె కణం మళ్లీ విశ్రాంతికి రావడం ఆలస్యమవుతుంది, లయ తప్పుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మందును 1990ల చివర్లో అమెరికా మార్కెట్ నుంచి తీసేసింది ఇందుకే. ఇప్పుడు ఏ కొత్త మందు తయారుచేసినా, అది మోకాళ్ల నొప్పికైనా సరే, హెర్గ్‌ను ఆపుతుందా లేదా అని ముందే చూస్తారు.

క్లోరైడ్‌ను వదిలే సీఎఫ్‌టీఆర్ ఛానల్ చెడితే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు వస్తుంది. జన్యువు 1989లో దొరికింది. ఎక్కువమంది రోగుల్లో 508వ స్థానంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం లేదు. దాంతో ప్రోటీన్ సరిగ్గా మడతపడదు, పొర దాకా చేరకముందే కణమే దాన్ని ముక్కలు చేసేస్తుంది. ఛానల్ పొరలో ఉండి తెరుచుకోని రోగులకి దాన్ని తెరిచే మందు 2012లో వచ్చింది. పొర దాకా చేరనివాళ్లకి మడత సరిచేసే మందులు ఆ తర్వాత. జబ్బు పేరు ఒకటే, ఛానల్ చెడిన తీరు వేరు, మందు వేరు.

టైము అయిపోయిందని చెయ్యి ఊపుతున్నారు. ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పి దిగుతాను. ఆ అమ్మాయి ఇందాకటినుంచి చెయ్యెత్తే ఉంచింది. చెప్పమ్మా.

బాగుంది. వెనకవాళ్లకి వినపడలేదేమో, నేను చెబుతాను. "పొటాషియం ఛానల్ చొక్కా కొలతతో సోడియంను ఆపింది, సరే. మరి సోడియం ఛానల్ పొటాషియంను ఎలా ఆపుతుంది? సోడియంకి సరిపోయే చిన్న చొక్కా కుడుతుందా?" అని అడుగుతోంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను తల్లీ. అలా కాదు. సోడియం ఛానల్ సందు పొటాషియం ఛానల్ సందు కన్నా వెడల్పు. సోడియం అందులోకి చొక్కా పూర్తిగా విప్పకుండానే, కొంత నీటితో కలిసే వెళుతుంది. అక్కడ గోడ వెన్నెముక ఆక్సిజన్లది కాదు, అమైనో ఆమ్లాల పక్క కొమ్మలది. మన సోడియం ఛానళ్లలో నాలుగు వైపులా నాలుగు రకాలు నిలబడ్డాయి, ఆస్పార్టేట్, గ్లుటమేట్, లైసిన్, అలనైన్. అందులో లైసిన్‌ను మార్చి చూస్తే ఎంపిక దెబ్బతింటుంది. పైగా ఇది పొటాషియం ఛానల్ అంత ఖచ్చితమైంది కూడా కాదు. పది పన్నెండు సోడియంలకి ఒక పొటాషియం జారిపోతూనే ఉంటుంది. సందేశం పంపడానికి ఆ మాత్రం చాలు. ఇదే ఎందుకు చాలు, పొటాషియం ఛానల్‌కి ఎందుకు చాలదు అని ఇంటికెళ్లాక నేను ఇందాక చెప్పిన పంపు దగ్గరనుంచి లెక్కేసి చూడు. విశ్రాంతిలో గంటల తరబడి తెరిచి ఉండే తూము ఏది, మిల్లీసెకను తెరిచి మూసేసే తూము ఏది?